పెట్టెలా, ప్రశ్నార్థకాలా, పిచ్చి గుర్తులా? జపనీస్ విజువల్ నావెల్స్ ఇన్‌స్టాల్ చిక్కులపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బొమ్మలు, సంగీతం, పాత్రల గొంతులు తోడుగా తెర మీద చదువుకుంటూ వెళ్లే కథలను విజువల్ నావెల్స్ అంటున్నారు. జపనీస్ నేర్చుకునే వారికి ఇవి మంచి అభ్యాసం. వీటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడంలో ఎదురైన ఇబ్బందుల మీద ఈ నెల విశాఖపట్నం పాఠకుల నుంచి ఐదు ఉత్తరాలు వచ్చాయి. వాటికి ఒకదానితో ఒకటి సంబంధం ఉన్నందున అన్నిటికీ ఒకే చోట జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతూ రెండేళ్లుగా జపనీస్ నేర్చుకుంటున్నాను. జపాన్ వెబ్‌సైటులో డబ్బు కట్టి ఒక విజువల్ నావెల్ దించుకున్నాను. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే జపనీస్ అక్షరాల బదులు కామాలు, నెత్తిన గీతలున్న ఇంగ్లీషు అక్షరాలు, కొక్కెం లాంటి ఎఫ్‌లు కనిపించాయి. అయినా నెక్స్ట్ నొక్కుకుంటూ వెళ్తే పూర్తయింది. తెరిస్తే మాత్రం అలాంటి గుర్తులతోనే ఒక చిన్న సందేశం వచ్చి మూసుకుపోతోంది. మూడు సార్లు తీసేసి మళ్లీ ఎక్కించాను. విండోస్ 11లో జపనీస్ కీబోర్డు ఎప్పటి నుంచో ఉంది, దానితో టైపు కూడా చేస్తున్నాను. మరి ఇది ఎందుకు చదవలేకపోతోంది? (గాజువాక)

జవాబు: తప్పు ఆ ఫైళ్లలో లేదు, ఏ అంకె ఏ అక్షరమో చెప్పే పట్టికల్లో మీ విండోస్ దేనిని ముందు పెట్టుకుని వాటిని చదువుతోందన్న దానిలో ఉంది. అందుకే ఎన్ని సార్లు ఎక్కించినా అదే ఫలితం వచ్చింది. ఇలాంటి చిక్కు ఎవరు చెప్పినా నేను ముందుగా అడిగేది, తెర మీద కనిపించిన తప్పు ఏ ఆకారంలో ఉందని. ఖాళీ పెట్టెలు వరసగా కనిపిస్తే, అది ఏ అక్షరమో కంప్యూటర్‌కు తెలుసు గానీ గీయడానికి ఫాంటు లేదని అర్థం. ప్రశ్నార్థకాలు కనిపిస్తే, ఒక పట్టిక నుంచి ఇంకో పట్టికకు మారేటప్పుడు అక్షరం దారిలోనే పోయిందని అర్థం, అది ఇక తిరిగి రాదు. మీకు కనిపించినట్టు పిచ్చి గుర్తులు వస్తే మాత్రం అక్షరాలు క్షేమంగానే ఉన్నాయి, చదివే తీరు ఒక్కటే తప్పు. జపాన్ వారు దీనిని మోజిబాకే అంటారు, అంటే అక్షరాలు రూపు మారడం.

ఇది మనకు కొత్త కాదు. అను ఫాంట్లతో కంపోజ్ చేసిన పెళ్లిపత్రికను ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిచి, తెలుగు ఉండవలసిన చోట గీతలు, చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు చూసి గతుక్కుమన్న వారు మనలో చాలా మందే ఉంటారు. లోపల దాచి ఉన్నది అంకెలే, ఆ అంకెకు ఏ అక్షరమన్నది బయటి ఏర్పాటును బట్టి ఉంటుంది.

జపాన్‌లో విండోస్ కోసం రాసిన పాత ప్రోగ్రాములు చాలా వరకు షిఫ్ట్ జిస్ అనే పద్ధతిలో అక్షరాలను దాస్తాయి. విండోస్‌లో దాని పేరు కోడ్ పేజీ 932. అందులో జపనీస్ లిపులైన హిరగానా, కటకానా, కంజీ అక్షరాలు ఒక్కొక్కటి రెండు బైట్లు (ఒక్కో అంకెను దాచే గడులు) తీసుకుంటాయి. మన దగ్గర ఇండియా ఇంగ్లీషుకు అమర్చిన కంప్యూటర్ అలాంటి ప్రోగ్రాములకు చూపించేది కోడ్ పేజీ 1252, అందులో ఒక బైటు అంటే ఒక అక్షరం. హిరగానా అక్షరాలకు మొదటి బైటు, పదహారు ఆధారంగా లెక్కిస్తే, 82. అది 1252లో కిందికి దిగిన కామా లాంటి గుర్తు. కటకానాకు మొదటి బైటు 83, అదే మీరు చూసిన కొక్కెం ఎఫ్. మన షష్ఠీ విభక్తి పని చేసే 'నో' అక్షరం 82, సీసీ అనే రెండు బైట్లు కాబట్టి కామా, దాని పక్కన నెత్తిన ఏటవాలు గీత ఉన్న పెద్ద ఐ అక్షరం కనిపిస్తాయి. 'నో' జపనీస్‌లో అడుగడుగునా వచ్చే అక్షరం, కనుక మీ తెర మీద ఆ జంట పదే పదే కనిపించి ఉండాలి, ఒకసారి చూడండి.

కీబోర్డు పెట్టుకోవడం, విండోస్ మెనూలను జపనీస్‌లోకి మార్చుకోవడం ఈ పట్టికను మార్చవు. చాలా మంది ఆగిపోయేది ఇక్కడే. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్, దాని అడుగున అడ్మినిస్ట్రేటివ్ లాంగ్వేజ్ సెట్టింగ్స్ తెరవండి. వచ్చిన పెట్టెలో ఛేంజ్ సిస్టమ్ లొకేల్ నొక్కి జపనీస్, జపాన్ ఎంచుకోండి (పాత ప్రోగ్రాములకు ఏ భాష పట్టిక చూపాలో చెప్పే అమరికే సిస్టమ్ లొకేల్). అక్కడే కింద యూటీఎఫ్-8 గురించి బీటా అని ఒక గడి ఉంటుంది. దానికి టిక్ పెట్టి ఉంటే తీసేయండి. అది ఉన్నంత వరకు పాత ప్రోగ్రాములకు 932 అందదు. తరువాత కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయాలి. ఇంతకు ముందు ఎక్కించిన దానిని పూర్తిగా తీసేసి, ఆ తరువాతే మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. ఈ వరస తప్పకూడదు. ఎందుకంటే తప్పు పట్టికతో ఇన్‌స్టాల్ అయినప్పుడు ఫోల్డర్ల పేర్లు, ఫైళ్ల పేర్లు ఆ పిచ్చి గుర్తులతోనే డిస్కు మీద పడ్డాయి. తరువాత లొకేల్ మార్చినా ఆ పేర్లు మారవు, గేమ్ తనకు కావలసిన పేరుతో వెతుక్కుని, దొరక్క మూసుకుపోతుంది.

జిప్ ఫైలుగా వచ్చిన వాటికీ ఇదే వర్తిస్తుంది. లొకేల్ మార్చక ముందు విప్పిన జిప్‌ను పారేసి మళ్లీ విప్పండి. లొకేల్ మార్చకుండా విప్పాలంటే సెవెన్‌జిప్‌ను కమాండ్ ప్రాంప్ట్‌లో నడుపుతూ మైనస్ గుర్తు తరువాత ఎంసీపీ=932 అని చేర్చితే పేర్లు సరిగా వస్తాయి. ఇంకొక మాట, జపనీస్ లొకేల్‌లో కొన్ని చోట్ల ఫోల్డర్ల దారిలో వెనక్కి వాలిన గీత బదులు యెన్ గుర్తు కనిపిస్తుంది. అది తప్పు కాదు, జపాన్ ప్రమాణంలో ఆ స్థానం యెన్ గుర్తుదే.

ప్రశ్న: మాస్టారూ, డాబా గార్డెన్స్‌లో మాది చిన్న డీటీపీ సెంటరు. మా అబ్బాయి రాత్రి ఏదో జపాన్ గేమ్ కోసం సిస్టమ్ లొకేల్ మార్చాడట. పొద్దున్న షాపు తెరిచి పేజ్‌మేకర్‌లో పాత ఫైలు తీస్తే తెలుగు అక్షరాలు చెల్లాచెదురుగా ఉన్నాయి. ఆ రోజు మధ్యాహ్నానికి ఒక గృహప్రవేశం కార్డు ఇవ్వాలి. వాడు మళ్లీ మార్చి ఇచ్చాడు, గండం గడిచింది. వాడి సరదా కాదనలేను, నా పని ఆపుకోలేను. ఏదైనా మార్గం ఉందా?

జవాబు: ఉంది. మీ ఉత్తరం పై జవాబుకు రెండో వైపు చూపిస్తోంది. సిస్టమ్ లొకేల్ ఒక్క గేమ్‌కు పరిమితం కాదు, అన్ని భాషల అక్షరాలకూ ఒకే పట్టిక అయిన యూనికోడ్‌ను వాడని ప్రతి ప్రోగ్రామ్‌కూ వర్తిస్తుంది. మీ పాత తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు పట్టికలోని పై సగం గుర్తుల స్థానాలను వాడుకుంటాయి. 932 అమలులోకి రాగానే విండోస్ ఆ గుర్తుల్లో కొన్నిటిని జపనీస్ అక్షరానికి మొదటి సగమని భావించి, పక్కనున్న దానితో జత చేస్తుంది. ఒత్తు ఒక చోట, గుణింతం ఇంకో చోట పడడం అందుకే. ఆ స్థితిలో ఫైలును మీరు సేవ్ చేసి ఉండరనుకుంటున్నాను, అదే మంచిది. ముందు ముందు కూడా, అక్షరాలు చెదిరి కనిపించిన ఫైలును సేవ్ చేయకుండా మూసేయమని షాపులో అందరికీ చెప్పండి.

మీ ఇంటికి తగినది లొకేల్ ఎమ్యులేటర్ అనే ఉచిత ప్రోగ్రామ్. అది మొత్తం విండోస్‌ను వదిలేసి, మీరు ఎంచుకున్న ఒక్క ప్రోగ్రామ్‌కు మాత్రం ఇది జపాన్ కంప్యూటరే అని నమ్మబలుకుతుంది. అబ్బాయి గేమ్ మీద రైట్ క్లిక్ చేసి జపనీస్‌లో నడపమని ఎంచుకుంటే చాలు, పేజ్‌మేకర్ జోలికి అది రాదు. ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్‌ను కూడా అలాగే నడపాలని మాత్రం వాడికి గుర్తు చేయండి. లొకేల్ ఎమ్యులేటర్ 32-బిట్ ప్రోగ్రాములకే పని చేస్తుంది, పాత విజువల్ నావెల్స్‌లో ఎక్కువ భాగం అవే కాబట్టి ఇబ్బంది ఉండదు. కొన్ని గేమ్స్ జపాన్ కాలమానం ఉందా లేదా అని కూడా చూస్తాయి. మనకన్నా మూడున్నర గంటలు ముందుండే ఆ గడియారాన్ని కూడా అదే చూపిస్తుంది. కిరికిరి అనే ఇంజిన్ మీద తయారైన గేమ్స్‌లో, నారో స్ట్రింగ్‌ను వైడ్ స్ట్రింగ్‌గా మార్చలేకపోతున్నానని ఇంగ్లీషులో ఒక సందేశం రావచ్చు. మాట కొత్తగా ఉన్నా జబ్బు ఇదే, మందూ ఇదే.

ప్రశ్న: ఒక జపనీస్ విజువల్ నావెల్ కోసం సిస్టమ్ లొకేల్ మార్చుకున్నాను. లొకేల్ జపనీస్‌లోనే ఉంది. అయినా ఇన్‌స్టాలర్ మొదలైన క్షణంలోనే ఆగిపోతోంది. సందేశంలో ఫోల్డర్ దారి ఉంది, మధ్యలో ఐదారు ప్రశ్నార్థకాలు ఉన్నాయి. అక్కడ నా పేరు ఉండాలి. కంప్యూటర్ కొన్న రోజున నా పేరు తెలుగులోనే ఇచ్చాను. (పెందుర్తి)

జవాబు: కారణం మీ ఉత్తరంలోనే ఉంది. తెలుగులో పేరు ఇచ్చుకోవడం మీ హక్కు, అది తప్పని నేను అనను. కానీ విండోస్ ఆ పేరుతోనే యూజర్స్ కింద మీ ఫోల్డర్‌ను తయారు చేసింది. ఇన్‌స్టాలర్లు ముందుగా తమ ఫైళ్లను విప్పుకునే టెంప్ ఫోల్డర్, చాలా గేమ్స్ సేవ్‌లు దాచుకునే డాక్యుమెంట్స్ ఫోల్డర్, రెండూ దాని లోపలే ఉంటాయి. కోడ్ పేజీ 932లో ఇంగ్లీషు, గ్రీకు, రష్యన్ అక్షరాలు ఉన్నాయి గానీ తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. అందుకని ఆ ప్రోగ్రామ్ మీ పేరు అడిగినప్పుడు విండోస్ ఒక్కో అక్షరానికి ఒక్కో ప్రశ్నార్థకం ఇస్తుంది. మీ పేరులో ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకు వస్తాయి కాబట్టి చూడడానికి మూడక్షరాల పేరైనా ఐదారు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. విండోస్‌లో ఫోల్డర్ పేరులో ప్రశ్నార్థకం ఉండకూడదు కనుక అలాంటి దారి ఎక్కడా ఉండదు, ఇన్‌స్టాలర్ అక్కడే ఆగుతుంది.

ఇది ఇంగ్లీషు లొకేల్‌లోనూ ఇలాగే జరిగేది. జపనీస్‌కు 932 ఉన్నట్టు తెలుగుకు విండోస్‌లో పాత ప్రోగ్రాములు వాడుకునే కోడ్ పేజీ లేదు, మన భాష విండోస్‌లోకి నేరుగా యూనికోడ్‌తోనే వచ్చింది. కంట్రోల్ ప్యానెల్‌లో పేరు మార్చితే తెర మీద కనిపించే పేరే మారుతుంది, లోపలి ఫోల్డర్ పేరు మారదు. కాబట్టి ఇంగ్లీషు అక్షరాల పేరుతో ఇంకొక లోకల్ అకౌంట్ తెరిచి, గేమ్స్ వరకు దానిలోకి వెళ్లి ఇన్‌స్టాల్ చేసుకోండి. మీ తెలుగు పేరున్న అకౌంట్‌ను అలాగే ఉంచుకోండి.

ప్రశ్న: మా బాబాయి ఓడలో పని చేస్తారు. యోకోహామా రేవులో ఆగినప్పుడు పాత సామాను దుకాణంలో ఒక విజువల్ నావెల్ సీడీ కొని తెచ్చారు. నా ల్యాప్‌టాప్‌కు సీడీ డ్రైవ్ లేదు, అందుకని స్నేహితుడి కంప్యూటర్‌లో ఐఎస్‌ఓ ఫైలుగా మార్చి తెచ్చుకున్నాను. కథ నడుస్తోంది, గొంతులు వినిపిస్తున్నాయి, సంగీతం మాత్రం లేదు. మొదట్లో డీ3డీఎక్స్9_43 అనే ఫైలు లేదని కూడా అడిగింది. ఆ ఫైలును ఏదో సైటు నుంచి తెచ్చి పెట్టాను. (ఎంవీపీ కాలనీ)

జవాబు: పాత గేమ్స్ కొన్నిటిలో సంగీతం ఫైళ్లుగా ఉండదు, మామూలు పాటల సీడీలో లాగా ఆడియో ట్రాకులుగా ఉంటుంది. ఐఎస్‌ఓ ఫైలులోకి డేటా ట్రాకు ఒక్కటే వస్తుంది, పాటల ట్రాకులు రావు. సీడీని మళ్లీ మీ స్నేహితుడి దగ్గరకు తీసుకువెళ్లి బిన్, క్యూ అనే జంట ఫైళ్లుగా కాపీ చేయించండి. విండోస్ ఐఎస్‌ఓను తనంతట తాను తెరుస్తుంది గానీ ఈ జంటను తెరవదు, వర్చువల్ డ్రైవ్ ప్రోగ్రామ్ ఒకటి కావాలి. మీరు సైటు నుంచి తెచ్చిన ఆ డీ3డీఎక్స్9_43 ఫైలును దయచేసి తీసేయండి. ఎవరు పెట్టారో తెలియని చోటు నుంచి అలాంటి ఫైలు తెచ్చుకోవడం ప్రమాదం. మైక్రోసాఫ్ట్ వారి డైరెక్ట్ఎక్స్ ఎండ్ యూజర్ రన్‌టైమ్, 2010 జూన్ కూర్పు ఇన్‌స్టాల్ చేస్తే అదీ, దానితో పాటు ఉండవలసినవీ వస్తాయి.

ప్రశ్న: సార్, నా సేవ్‌లు ఒక రోజు కనిపిస్తాయి, ఒక రోజు మాయమవుతాయి. (సీతమ్మధార)

జవాబు: గేమ్‌ను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టి, కొన్ని సార్లు మామూలుగా, కొన్ని సార్లు అడ్మినిస్ట్రేటర్‌గా తెరుస్తున్నారని అనుకుంటున్నాను. విండోస్ విస్టా నుంచి ఆ ఫోల్డర్‌లో రాయడానికి మామూలు ప్రోగ్రాములకు అనుమతి లేదు. పాత ప్రోగ్రామ్ రాయబోతే విండోస్ కాదనకుండా, మీ ఫోల్డర్‌లో యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్ అనే చోట దాచిపెడుతుంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన రోజు సేవ్‌లు అసలు ఫోల్డర్‌లోనే పడతాయి. అలా మీకు రెండు జతలు తయారయ్యాయి. సీ డ్రైవ్‌లో నేరుగా గేమ్స్ అని ఒక ఫోల్డర్ చేసుకుని, అందులో మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. అయితే ఇప్పుడున్న దానిని తీసేయడానికి ముందే రెండు చోట్ల ఉన్న సేవ్‌లనూ వేర్వేరు ఫోల్డర్లలోకి కాపీ చేసి పెట్టుకోండి. ఒకే పేరున్న ఫైళ్లు రెండింటిలోనూ ఉంటాయి, కాబట్టి తేదీ చూసి కొత్తదానినే కొత్త చోటికి మార్చండి.