సెలవు రోజంతా ఇంటి మరమ్మతులకే సరిపోతే ఇద్దరికీ సంతోషం ఎక్కడ దొరుకుతుంది?

సెలవు రోజు మొత్తం ఇంటి పనులకే పోతోందని, భార్యాభర్తలు ఇద్దరూ ఇంట్లోనే ఉన్నా కలిసి గడిపినట్టు అనిపించడం లేదని, ఇలాంటి మామూలు రోజులో సంతోషం ఎలా దొరుకుతుందని మీరు అడిగారు. పెళ్లయిన తొలి ఆరేడేళ్లు మా ఇంట్లోనూ ఇదే పరిస్థితి. అది ఎలా మారిందో మా అనుభవం నుంచే చెబుతాను.

అప్పట్లో మేము పనులు పంచుకునేవాళ్లం. ఉదయాన్నే ఒక కాగితం మీద జాబితా రాసుకుని, కారుతున్న కుళాయికి వాషర్ మార్చడం, ఊడిన అల్మరా పిడి బిగించడం మావారికి, పాత సామాను సర్దడం, గోడల మీద మరకలు తుడవడం నాకు అని విడదీసుకుని, ఎవరి గదిలోకి వాళ్లం వెళ్లిపోయేవాళ్లం. పనులు త్వరగానే పూర్తయ్యేవి. సాయంత్రానికి మాత్రం ఇద్దరికీ అలసటతో పాటు, తాము పడ్డ శ్రమ రెండోవారి కంట పడలేదన్న వెలితి కూడా మిగిలేది. ఆయన గంటన్నర సేపు సింకు కింద నడుం వంచి చేసిన పని నాకు "అయిపోయింది" అన్న ఒక్క మాటగా మాత్రమే అందేది. పనులు పంచుకోవడం న్యాయమే, అవసరం కూడా. అయితే ఆ రోజు ఇద్దరిదీ కావాలంటే, ఇద్దరూ ఉంటే తప్ప జరగని పని కనీసం ఒకటైనా అందులో ఉండాలి. మీ ప్రశ్నకు నా జవాబు ఇదే.

ఈ సంగతి మాకు ఒక తలుపు వల్ల తెలిసింది. మా పడకగది తలుపు కొన్ని నెలలుగా నేలకు రాసుకుంటూ ఉండేది. తలుపు బరువు ఎక్కువగా పై మడతబందును లాగుతుంది కాబట్టి, కాలం గడిచేకొద్దీ ద్వారబంధంలో ఆ బందు స్క్రూల రంధ్రాలు వదులవుతాయి. అప్పుడు తలుపు ఒరిగి, పిడి వైపు కింది మూల నేలను తాకుతుంది. చాలామంది కింది అంచును చిత్రిక పట్టించి సరిపెట్టుకుంటారు. లోపం పైన ఉంటే కింద చెక్కను కోయడం నాకు సబబుగా తోచదు, ఎందుకంటే వదులైన స్క్రూలు వదులుగానే ఉంటాయి, తలుపు మళ్లీ ఒరుగుతుంది.

అందుకని మేము తలుపును పూర్తిగా తెరిచి, పిడి వైపు అడుగున పలచని చెక్క ముక్కలు పెట్టి బరువును వాటి మీదకు తెచ్చి, ముందు కింది బందును, చివరన పై బందును విప్పాము. 25 కిలోలకు పైగా ఉన్న ఆ తలుపును ఇద్దరం రెండు వైపులా పట్టుకుని గోడకు ఆనించాము. మందు తీసేసిన అగ్గిపుల్లలను చెక్క జిగురులో ముంచి, ఒక్కొక్క రంధ్రంలోకి బిగుతుగా పట్టినన్ని దూర్చి, బయటికి పొడుచుకొచ్చిన కొసలను ఉలితో సమంగా కోశాము. స్క్రూకు మళ్లీ పట్టు దొరకడానికి కావలసింది ఆ కొత్త చెక్కే.

జిగురు ఆరడానికి కొన్ని గంటలు ఆగాలి. నిజం చెప్పాలంటే, ఆ రోజు మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఈ ఆగే సమయమే. తలుపు లేని గదిలో ఇద్దరం గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాము. చేతులకు జిగురు అంటుకుని ఉండటంతో ఫోన్లు ముట్టుకోలేదు. మాట్లాడాలని అనుకోకుండానే మాటలు సాగాయి. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్నగారు పనిముట్లను ముట్టుకోనిచ్చేవారు కాదన్న సంగతి, పెళ్లయిన ఇన్నేళ్లకు, ఆ రోజే మొదటిసారి విన్నాను. ఎదురెదురుగా కూర్చుని "ఏమైనా చెప్పండి" అని అడిగితే రాని మాట, పని మధ్యలో పక్కపక్కన కూర్చున్నప్పుడు దానంతట అదే వచ్చింది.

తరువాత అదే గదిలో గోడ మీద పెచ్చులూడిన చోట లప్పం పెట్టాము. ఈ పని నాకు బాగా వచ్చు, ఆయనకు అలవాటు లేదు. లోతైన గుంటను ఒకేసారి నింపేస్తే ఆరేటప్పుడు కుంచించుకుపోయి బీటలు వారుతుందని, పలచగా రెండు మూడు పూతలు వేస్తూ ప్రతి పూతనూ ఆరనివ్వాలని చెప్పి, రేకును ఎంత వాలుగా పట్టుకోవాలో ఆయన చేతి మీద నా చేయి వేసి చూపించాను. ఆరిన తరువాత ముందు 120, ఆ పైన 220 నంబరు ఉప్పుకాగితంతో రుద్దాము. కళ్లు మూసుకుని అరచేతితో తడిమితే అతుకు ఎక్కడుందో తెలియకూడదు. ఆయన నాలుగైదుసార్లు తడిమి, "ఎక్కడో చెప్పు చూద్దాం" అంటూ నా చేయి పట్టుకుని గోడకు ఆనించారు. నిజంగానే నాకు తెలియలేదు.

తలుపును తిరిగి ఎక్కించడం సాయంత్రం పని. ఆయన అడుగున చెక్క ముక్కల మీద తలుపును నిలబెట్టి బరువు ఆపుకుంటూ ఉంటే, నేను పై బందు రంధ్రం ద్వారబంధం మీద గుర్తుతో కలిసే క్షణం కోసం చూస్తూ, "కొంచెం పైకి, ఇంకొంచెం, ఒక్క వెంట్రుకవాసి కిందికి" అని చెబుతూ వచ్చాను. ఆయన ఊపిరి బిగబట్టడం నాకు వినపడుతూనే ఉంది. ఒక చేత్తో తలుపు అంచు పట్టుకుని, రెండో చేత్తో మొదటి స్క్రూ తిప్పడం మొదలుపెట్టాను. నాలుగు చుట్లు ఊరికే తిరిగిన స్క్రూ అయిదో చుట్టుకు చెక్కను పట్టుకుని బిగిసింది. "పట్టింది" అన్నాను. ఆయన వదిలిన ఊపిరి నా భుజానికి తగిలింది.

తరువాత చాలా రోజులకు, ఆర్థర్ ఆరన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 2000లో ప్రచురించిన పరిశోధన గురించి చదివినప్పుడు ఆ తలుపే గుర్తుకు వచ్చింది. వారు దంపతుల మణికట్లను, చీలమండలను ఒక పక్కన కలిపి కట్టి, చేతులు వాడకుండా ఒక దిండును ఇద్దరి మధ్య నొక్కి పట్టుకుని, చాప మీద అడ్డంకి దాటి వెళ్లమన్నారు. ఏడు నిమిషాల ఆ పని చేసిన జంటలు, మామూలు పని చేసిన జంటల కంటే తమ బంధం పట్ల ఎక్కువ తృప్తి కనబరిచారు. ఏడు నిమిషాలతో కాపురాలు మారిపోతాయని నేను అనను. కానీ ఒకరి బరువును మరొకరు లెక్కలోకి తీసుకుంటే తప్ప అడుగు ముందుకు పడని పనిలో ఏదో దగ్గరితనం ఉందన్నది మా ఇంట్లో చూశాను కాబట్టి నమ్ముతాను.

ఇక మీరు జాగ్రత్త పడవలసిన చోట్లు. పనిముట్టు ఎవరి చేతిలో ఉంటే నిర్ణయం వారిదే అని మేము ఒప్పుకున్నాము. పక్కన ఉన్నవారు కనిపించినది చెప్పవచ్చు, తీర్పు చెప్పకూడదు. ఒకసారి గోడకు అర (షెల్ఫు) బిగిస్తూ నేను కొలత తప్పు చదివినందువల్ల రెండు రంధ్రాల మధ్య నాలుగు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. వాలు ఉందో లేదో బుడగతో చూపే రసమట్టం పెట్టి చూసి ఆయన "బుడగ ఎడమకు జరిగింది" అని మాత్రమే అన్నారు. "నేను ముందే చెప్పాను కదా" అని ఉంటే ఆ సాయంత్రం మరోలా గడిచేది. ఆ మాట అనకుండా ఉండటానికి ఆయన ఎంత ఓర్చుకున్నారో నాకు తెలుసు, అందుకు ఈనాటికీ కృతజ్ఞత ఉంది.

సాయంత్రానికి ముగిసే పనినే ఎంచుకోండి. మనుషులు తమ చేతులతో అమర్చుకున్న వస్తువుకు ఎక్కువ విలువ కడతారని, అయితే పని మధ్యలో ఆగిపోతే ఆ విలువ కనిపించదని అమెరికన్ పరిశోధకుడు మైకేల్ నార్టన్ బృందం 2012లో వెలువరించిన పరిశోధన చెబుతోంది. ఇల్లంతా రంగులు వేయడం లాంటివి మొదలుపెట్టి సగంలో ఆపిన రోజుల్లో మేము విసుక్కోవడమే ఎక్కువ. ఒక గోడ, ఒక తలుపు, ఒక అర చాలు. విద్యుత్తు పనులు మాత్రం తెలిసినవారికే వదిలేయండి.

ఆ రోజు చీకటి పడ్డాక మావారు తలుపును ఒక్క వేలితో తోశారు. అది చప్పుడు లేకుండా తిరిగి వెళ్లి గడియలో టిక్కుమని కూర్చుంది. ఇద్దరం వంతులవారీగా చాలాసార్లు తెరిచాము, మూశాము. నెలల తరబడి తలుపు రాసుకున్నందువల్ల నేల మీద పడిన వంపు గీత ఇంకా అలాగే ఉంది. దాన్ని రుద్ది పోగొట్టాలని ఆయనకు ఉంది, ఉండనివ్వాలని నాకు ఉంది. ఆ విషయం ఇంకా తేలలేదు.