సరదాగా కలిపిన పేలుడు మందు సీసాలో ఉంది, కేసవుతుందా?

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. కెమిస్ట్రీ అంటే పిచ్చి. ఆన్‌లైన్‌లో పొటాషియం క్లోరేట్, గంధకం, అల్యూమినియం పొడి తెప్పించుకుని డాబా మీద గదిలో ఏవేవో కలుపుతున్నాడు. మొన్న పొలంలో చిన్నది పేల్చాడట, ఎవరికీ ఏమీ కాలేదు. కలిపిన పొడి ఇంకా రెండు సీసాల్లో ఉంది. ఇది నేరమా? మా మీద కూడా కేసు పెడతారా? సీసాలు కాలువలో పారేస్తే సరిపోతుందని మావారు అంటున్నారు. (ఒక తల్లి, తెనాలి)

జవాబు: అమ్మా, కేసు సంగతి తర్వాత. ముందు ఆ సీసాల జోలికి ఎవరూ వెళ్లకండి. కాలువ దాకా మోసుకెళ్లడం అసలు వద్దు.

గంధకం పొడి నిల్వ ఉన్నకొద్దీ దాని మీద ఆమ్లం ఛాయలు ఏర్పడతాయి. ఆ కాస్త ఆమ్లం తగిలినా క్లోరేట్ నిలకడ తప్పుతుంది. అందుకే ఈ రెండూ కలిసిన పొడి చిన్న రాపిడికి, దెబ్బకు, ఒక్కోసారి ఏ కారణమూ కనిపించకుండానే అంటుకుంటుంది. మూత మరల్లో ఇరుక్కున్న చిటికెడు పొడి మూత తిప్పేటప్పుడు నలిగితే చాలు, చేతిలోనే పేలుతుంది, సీసా పెంకులు ఒంట్లో దిగుతాయి. 2024 దీపావళి రోజున ఏలూరులో స్కూటర్ మీద తీసుకెళ్తున్న ఉల్లిపాయ బాంబులు బండి గుంతలో పడగానే పేలి, మనిషి ప్రాణం పోయింది. అక్కడ నిప్పు పెట్టినవాళ్లు ఎవరూ లేరు.

గదిలో లైటు వేయకండి, వెలుగుతుంటే ఆర్పకండి. నీళ్లు చల్లకండి. తలుపు దగ్గరకు వేసి, ఇంట్లోవాళ్లంతా బయటికి వచ్చి, పక్కింటివాళ్లను కూడా దూరంగా పంపి 112కు ఫోన్ చేయండి. ఏ రసాయనాలు, ఎన్ని సీసాలు, ఎప్పుడు కలిపాడో ఉన్నదున్నట్టు చెప్పండి. బాంబు నిర్వీర్య బృందాన్ని వాళ్లే పిలిపిస్తారు. వకీలుకూ ఫోన్ చేయండి, అయితే ఆయన వచ్చేదాకా ఆగొద్దు. కాలువలో పారేస్తే ప్రమాదం ఒక ఎత్తు, సాక్ష్యం మాయం చేశారని భారతీయ న్యాయ సంహిత 238వ సెక్షన్ మీవారి మెడకు చుట్టుకోవడం మరో ఎత్తు.

ఇక నేరమా అంటే, నేరమే. ‘ఎవరికీ ఏమీ కాలేదు’ అన్నది శిక్ష తగ్గించమని అడగడానికి పనికొస్తుంది గానీ నేరం కాదనడానికి పనికిరాదు. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం శిక్షించేది లైసెన్సు లేని తయారీని, దగ్గర ఉంచుకోవడాన్ని. 9బి సెక్షన్ కింద తయారీకి 3 ఏళ్ల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. ఉంచుకున్నందుకు, వాడినందుకు 2 ఏళ్ల దాకా. మనవైపు దీపావళికి ఇంట్లోనే సిసింద్రీలు, జువ్వలు కట్టుకోవడం తాతల నాటి అలవాటు కాబట్టి ఇది వినడానికి వింతగా ఉంటుంది. కానీ ఈ చట్టం దృష్టిలో బాణసంచా కూడా పేలుడు పదార్థమే. పైగా మీవాడి మిశ్రమానికి ఇంకో చిక్కుంది. గంధకం, క్లోరేట్ కలిసిన పేలుడు పదార్థాల తయారీని, ఉంచుకోవడాన్ని కేంద్రం 1992లోనే నిషేధించింది. అందులో శాస్త్రీయ అవసరాలకు చిన్న మొత్తం, అగ్గిపుల్లల తలలు, బొమ్మ తుపాకుల కాగితపు రీళ్లు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. డాబా మీద గదిని శాస్త్రీయ అవసరం కింద చూపి గట్టెక్కుతామన్న ఆశ పెట్టుకోకండి.

అసలు భయపడాల్సింది 1908 నాటి రెండో చట్టానికి (ఎక్స్‌ప్లోజివ్ సబ్‌స్టాన్సెస్ యాక్ట్). ప్రాణాపాయం కలిగించే పేలుడును దురుద్దేశంతో జరిపితే 3వ సెక్షన్. దానికి కనీస శిక్షే 10 ఏళ్లు. ఖాళీ పొలంలో, చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు పేల్చాడు గనుక అది వర్తించదని గట్టిగా వాదించవచ్చు. మీకు ఎదురయ్యే అవకాశం ఎక్కువగా ఉన్నది 5వ సెక్షన్. అనుమానాస్పద పరిస్థితుల్లో తయారుచేసినా, తెలిసి దగ్గర పెట్టుకున్నా 10 ఏళ్ల దాకా జైలు. చట్టబద్ధమైన పనికే చేశానని చూపించుకోవాల్సిన భారం కూడా నిందితుడిదే. ఈ చట్టంలో ‘పేలుడు పదార్థం’ అంటే దాన్ని తయారుచేసే ముడిసరుకు కూడా. విడిగా చూస్తే గంధకం డబ్బా అమాయకమైనదే, కలిపిన సీసా పక్కన దొరికితే మాత్రం దాని లెక్క వేరు.

అందుకే కొన్ని కాగితాలు మీకు ప్రాణం. ఆర్డరు బిల్లులు, లేబుళ్లున్న అసలు ప్యాకెట్ల ఫొటోలు ఉంటే తీసిపెట్టుకోండి. వాటికోసం గదిలోకి మాత్రం వెళ్లొద్దు. ప్రయోగాలు రాసుకున్న నోటుపుస్తకం, ఫోన్లో చూసిన వీడియోల చరిత్ర ఏదీ చెరిపేయవద్దు. చెరిపితే అనుమానం పెరుగుతుంది, ఉంటే ఎవరి మీదా కక్ష లేదని, కుర్రతనపు కుతూహలమేనని అవే చెబుతాయి.

మీవాడికి 18 నిండకపోవడం ఇక్కడ మీకు పెద్ద అండ. కేసు బాల నేరస్తుల న్యాయమండలికి వెళ్తుంది. కనీస శిక్ష 7 ఏళ్లు లేదా అంతకు మించి ఉన్నవే ఘోర నేరాలని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. 5వ సెక్షన్‌కు కనీస శిక్ష లేదు కాబట్టి అది ఘోర నేరం కిందికి రాదు, పెద్దవాళ్లతో సమానంగా విచారించే ప్రశ్న రాదు. పెద్దవాళ్లెవరూ కలిసి చేయకపోతే ఎఫ్‌ఐఆర్ కూడా కట్టకూడదు, జనరల్ డైరీలో రాసుకుని సామాజిక నేపథ్య నివేదికతో మండలికి పంపాలి. లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, 24 గంటల్లో మండలి ముందు హాజరుపరచాలి. స్టేషన్లో ‘వయసు తర్వాత చూద్దాం’ అంటే ఒప్పుకోకండి, పదో తరగతి సర్టిఫికెట్ వెంట తీసుకెళ్లండి. 3వ సెక్షన్ గనక జోడిస్తే ఈ లెక్కంతా మారిపోతుంది, కాబట్టి ఏ సెక్షన్లు వేశారో కాగితం చూసి తెలుసుకోండి.

మీ దంపతుల సంగతి కొంచెం మొహమాటం లేకుండా చెబుతాను. నిన్నటిదాకా మీకు తెలియదంటే నమ్ముతారు. ఇప్పుడు తెలుసు. 1908 చట్టం ‘తెలిసి, తన అధీనంలో ఉంచుకున్న’ వాళ్లనూ పట్టుకుంటుంది, ఇల్లు మీదే. ఇవాళే మీరే ఫోన్ చేసి చెబితే ఆ ఆరోపణ నిలవడం కష్టం. మరో వారం తాత్సారం చేస్తే మీ తరఫున వాదించడానికి నాకూ పెద్దగా ఏమీ మిగలదు. స్వయంగా అప్పగిస్తే కేసు ఉండదని చట్టంలో హామీ ఏదీ లేదు. ఎవరైనా అలా చెబితే నమ్మవద్దు. మీ ఇద్దరిలో ఎవరినైనా నిందితులుగా చేర్చే సూచన కనిపిస్తే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 482వ సెక్షన్ కింద ముందస్తు బెయిలు అడగవచ్చు.

మీవాడికి వేళ్లు కాలినా, చెవి దిమ్మెక్కినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ మెడికో లీగల్ కేసు రాసి పోలీసులకు సమాచారం పంపుతారు. దానికి భయపడి ‘స్టవ్ పేలింది’ అని చెబితే ఆ అబద్ధం కేస్ షీట్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది.

లైసెన్సు తీసుకుని చేసుకోవచ్చా అంటే, ఇప్పుడు కుదరదు. 18 నిండనివాళ్లకు 1884 చట్టంలోని 6ఎ సెక్షన్ ఆ దారి పూర్తిగా మూసేసింది. ఆ తర్వాతైనా, ఒకేసారి 15 కిలోలకు మించని బాణసంచా తయారీకి కలెక్టరే లైసెన్సు ఇస్తారు గానీ దానికి నివాసాలకు దూరంగా విడి షెడ్డు చూపించాలి. డాబా మీద గదికి ఇవ్వరు.

ఒకవేళ 1908 చట్టం కింద కేసు నమోదైతే మీ వకీలు మొదట చూడాల్సినవి రెండు. ఫోరెన్సిక్ ల్యాబ్ నివేదికలో ఆ పొడి గురించి ఏం రాశారన్నది ఒకటి. 7వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేట్ సమ్మతి తీసుకున్నారా లేదా అన్నది రెండోది. ఆ సమ్మతి లేకుండా దర్యాప్తు జరగవచ్చు, విచారణ మాత్రం ముందుకు సాగదు.