సీలింగ్‌కి ప్రొజెక్టర్ బిగించుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన హాలు ఫోటోలు చూశాను. సోఫా పైన సీలింగ్‌కి ప్రొజెక్టర్, ఎదురు గోడకి 100 అంగుళాల తెర, ఏర్పాటు బాగుంది. కానీ ఫాల్స్ సీలింగ్ చేసే అతను "కరెంటు వైరు పైన పడేస్తాం సార్, ఎక్స్‌టెన్షన్ బాక్సు లోపలే పెట్టేస్తాం, బయటికి ఏమీ కనబడదు" అన్నాడని రాశావు చూడు, ఆ ఒక్క మాటకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ పని మాత్రం చేయనివ్వకు.

ప్రొజెక్టర్‌తో పాటు వచ్చే నల్లటి పవర్ కార్డు బయట, కంటికి కనబడేలా వాడుకోవడానికి చేసింది. గోడలో పూడ్చడానికి, సీలింగ్ పైన వదిలేయడానికి పనికిరాదు. పైన గాలి ఆడదు, దుమ్ము పేరుకుంటుంది, ఎలుకలు దూరితే వైర్లు కొరుకుతాయి. ప్లగ్గు కాస్త వదులైందంటే పిన్ను దగ్గర వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా వదులవుతుంది. ఒక ఇంట్లో ఇలాంటి సీలింగ్ విప్పించి చూశాను. ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఒక రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి, మెత్తబడి, ప్లగ్గుకి అతుక్కుపోయింది. లాగితే రెండూ కలిసే వచ్చాయి. అన్ని రోజులూ ఆ వాసన ఏసీలోంచి వస్తోందనుకున్నారు ఆ ఇంటివాళ్లు. కనబడే చోట ఉండి ఉంటే మొదటి రోజే ఎవరో ఒకరు చూసేవాళ్లు.

అందుకని ముందు సాకెట్ సంగతి తేల్చుకో. ప్రొజెక్టర్ పక్కనే, నిచ్చెన ఎక్కితే చెయ్యి అందేలా ఒక 6 ఆంపియర్ల త్రీ పిన్ సాకెట్ పెట్టించు. నీ ప్రొజెక్టర్ 300 వాట్లు అన్నావు, అంటే మన 230 వోల్టుల మీద 1.3 ఆంపియర్లు. పెద్ద లోడేమీ కాదు, 16 ఆంపియర్ల పాయింటు అక్కర్లేదు. స్విచ్‌బోర్డు నుంచి అక్కడిదాకా 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైర్లు మూడు, ఫేజు, న్యూట్రల్, ఎర్త్, ఐఎస్ఐ మార్కు ఉన్నవి, పీవీసీ పైపులోంచి తీసుకెళ్లాలి. మధ్యలో అతుకులు వద్దు. అలా పైపులో వేసిన వైరింగును నువ్వు ఎంత దాచుకున్నా ఫర్వాలేదు. అప్పుడు పవర్ కార్డు జానెడో మూరెడో బయట ఉంటుంది, మిగతాది చుట్టి మౌంటు వెనక కట్టేస్తే కింద కూర్చున్నవాళ్లకి కనబడను కూడా కనబడదు. ఈ సాకెట్‌కి స్విచ్ మాత్రం గోడ మీద, కింద ఉండాలి. ఈదురుగాలులతో ఉరుములు మెరుపులు మొదలైతే స్టూలు వేసుకుని పైకెక్కే పని పెట్టుకోకూడదు. అయితే పిడుగుకి స్విచ్ ఒక అడ్డు కాదు. ఊరెళ్లేటప్పుడు ప్లగ్గే పీకేసి వెళ్లు.

మీ ఎలక్ట్రీషియన్ ఫ్యాన్ పాయింటు నుంచి లాగుదామంటాడు. దగ్గర కాబట్టి అందరికీ అదే తోస్తుంది. చాలా ఇళ్లలో ఫ్యాన్ పాయింటుకి రెండే వైర్లు వస్తాయి, ఎర్త్ ఉండదు. పైగా అక్కడికి వచ్చే ఫేజు రెగ్యులేటర్ దాటి వచ్చింది. ఫ్యాన్ స్పీడు తగ్గిస్తే ప్రొజెక్టర్‌కి అందే కరెంటూ మారిపోతుంది, లోపలి పవర్ సప్లై పాడవుతుంది. కాబట్టి ఒక రోజు ఆలస్యమైనా సరే, బోర్డు నుంచే విడిగా తెప్పించు. పచ్చ వైరు కనబడగానే ఎర్త్ ఉందని నమ్మకు. మీటరు పెట్టి ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య ఎంత వస్తోందో నీ కళ్లముందే చూపించమను. ఇంచుమించు 230 రావాలి. డీబీలో, అంటే ఇంటి మెయిన్ స్విచ్చుల పెట్టెలో, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్చు) ఉందో లేదో కూడా చూడు. ఉంటే దాని టెస్ట్ బటన్ నొక్కు, టక్కున పడిపోవాలి. పడకపోతే ప్రొజెక్టర్ సంగతి తర్వాత, ముందు అది మార్పించు. ఇంట్లో చంటిది తిరుగుతోంది.

ఇంకో విషయం. మీ ఫ్లాటుకి త్రీ ఫేజ్ కనెక్షన్ ఉంది కదా. ప్రొజెక్టర్ ఒక ఫేజు మీద, కింద సెట్‌టాప్ బాక్సూ ఆంప్లిఫయరూ ఇంకో ఫేజు మీద పడకుండా చూసుకో. రెంటినీ బొమ్మా శబ్దమూ మోసే హెచ్‌డీఎంఐ కేబుల్ కలుపుతుంది. ఎర్తింగ్ ఎక్కడైనా తేడాగా ఉంటే ఆ తేడా కేబుల్‌లోకే వస్తుంది. స్పీకర్లలో గుయ్‌మని మోత, కేబుల్ ముట్టుకుంటే జివ్వుమనడం ఇలాంటి వాటివల్లే చాలాసార్లు.

హెచ్‌డీఎంఐకి వేరే పైపు వేయించు. కరెంటు వైర్లున్న పైపులో దాన్ని దూర్చనివ్వకు. ఎక్కడైనా తొడుగు ఒరుసుకుపోతే 230 వోల్టులు నేరుగా నీ సామాన్లలోకి వస్తాయి. పైపు సైజు దగ్గరే అందరూ చిక్కుకుంటారు. ఎలక్ట్రీషియన్ అలవాటుగా 25 ఎంఎం తెస్తాడు. కేబుల్ సన్నగానే ఉంటుంది, కానీ దాని తలకాయ రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. పైపు గోడ మందం పోగా లోపల మిగిలేది ఇంచుమించు అంతే. తిన్నగా దూరినా వంపు దగ్గర ఇరుక్కుంటుంది, గట్టిగా లాగితే తల ఊడి చేతికొస్తుంది. 40 ఎంఎం పైపు తెప్పించు. మూలల్లో ఎల్బోలు కాకుండా సాగిన వంపులు వేయించు. కేబుల్ లాగాక పైపులో ఒక నైలాన్ తాడు ఉంచేయమను. రేపు ఇంకో రకం కేబుల్ మార్చాల్సి వస్తే సీలింగ్ ముట్టుకోకుండా దాంతో లాగేయొచ్చు.

నీ కొలతల ప్రకారం టీవీ యూనిట్ నుంచి పైకి 9 అడుగులు, అక్కడినుంచి వెనక్కి 11, రెండు వైపులా కాస్త వదులు కలిపితే దాదాపు 8 మీటర్లు. 10 మీటర్లది కొను. అంత పొడవులో 4కే బొమ్మ మామూలు రాగి కేబుల్‌లో నమ్మకంగా రాదు, ఆప్టికల్ హెచ్‌డీఎంఐ, అంటే బొమ్మని కాంతి రూపంలో పంపే కేబుల్, తీసుకో. దానికి దిక్కు ఉంటుంది. ఒక చివర 'సోర్స్' అని, ఇంకో చివర 'డిస్‌ప్లే' అని రాసి ఉంటుంది. డిస్‌ప్లే చివర ప్రొజెక్టర్ వైపు రావాలి. తిరగేసి లాగితే బొమ్మే రాదు. పైపులోకి దూర్చే ముందు నేలమీదే పరిచి, సినిమా ఒక గంట ఆడించి చూడు.

స్లాబు, బీము, పిల్లరు, వీటిలో ఎక్కడా గాడి కొట్టనివ్వకు. ఫాల్స్ సీలింగ్ ఎలాగూ వేస్తున్నావు కాబట్టి పైపులను స్లాబుకీ బీముకీ క్లాంపులతో బిగిస్తే చాలు. గాడి ఇటుక గోడలో మాత్రమే, అదీ నిలువుగా. మౌంటుని జిప్సం బోర్డుకి వేలాడదీయకు, స్లాబులోకి యాంకర్ ఫాస్టెనర్లతో బిగించాలి. డ్రిల్ పెట్టే ముందు ఫ్యాన్ బాక్సు ఎక్కడుందో, అందులోంచి పైపు ఏ గోడ వైపు వెళ్తోందో చూసుకోవాలి. స్లాబులో పైపులు తరచూ ఐమూలగా పోతాయి, ఆ దారిలో రంధ్రం వేయకూడదు. ప్రొజెక్టర్ చుట్టూ అందం కోసం పెట్టె కట్టిస్తానని అమ్మాయి అంటోందట. దానికి గాలి వెళ్లే దారీ వచ్చే దారీ రెండూ కావాలి, పెట్టెలో పెడితే ఉడికిపోతుంది. వద్దని నా మాటగా చెప్పు.

చెల్లి కూడా అద్దె ఇంట్లో పెట్టించుకుంటానంటోంది. తనకి గోడ కొట్టే పని వద్దు. పీవీసీ కేసింగ్ (వైర్లు దాచే మూత పట్టీ) సీలింగ్ మూలల వెంట అతికించి, గోడ రంగే వేసేస్తే సరిపోతుంది. కానీ ఆ కేసింగ్‌లో కూడా కరెంటుకి ఒకటి, హెచ్‌డీఎంఐకి ఒకటి విడిగా వేయమను.

సీలింగ్ బోర్డులు మూసేసే ముందు రోజు నువ్వు ఇంట్లో ఉండు. గోడ నుంచి ఎంత దూరంలో ఏ పైపు పోతోందో టేపు పెట్టి, ఆ టేపు కనబడేలా ఫోటోలు తీసి నాకు పంపు. నేను చూసి సరే అన్నాకే బోర్డులు మూయించు.

ఇట్లు,
మీ మామయ్య