ఎవరూ దిగని కొత్త ఫ్లాటు... అడ్వాన్స్ పంపమంటారా?

ప్రశ్న: మాది అనంతపురం, కమలానగర్. మా అమ్మాయికి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. రాత్రి షిఫ్టు. ఇన్నాళ్లూ పీజీలో ఉంది. ఇప్పుడు స్నేహితురాలితో కలిసి ఉండటానికి కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాటు చూసింది. అద్దె 32 వేలు, అడ్వాన్స్ పది నెలలది. ఇంతవరకూ ఎవరూ దిగని ఇల్లట, రెండ్రోజుల్లో తేల్చకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తామంటున్నారట. తన వాటా లక్షా 60 వేలు నన్ను పంపమంటోంది. ఓనరు గృహప్రవేశం చేయని ఇంట్లో మనం ముందు దిగకూడదని మా వదిన పట్టుబడుతోంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు మీ వదినగారి సంగతి తేల్చేద్దాం. ఓ మంచిరోజు చూసి ఓనరునే పాలు పొంగించమనండి. ఆయనకు తీరిక లేదంటే, ఆయన్ను అడిగి మీరే పొంగించి రండి. నన్నడిగితే పాలకంటే ముందు నీళ్ల సంగతి చూడాలి.

అనంతపురం వాళ్లకు నీళ్ల గురించి నేను చెప్పేదేముంది! కానీ మన పిల్లలు బెంగళూరు చేరగానే కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయని నమ్మేస్తారు. 2024 ఎండాకాలంలో అక్కడ బోర్లు ఎండిపోయి పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ల వాళ్లే ట్యాంకర్ల కోసం పడిగాపులు పడ్డారు. ఆ ఏడాది అక్టోబరులో కావేరి తాగునీటి పథకం ఐదో దశ మొదలైంది, శివారులోని 110 గ్రామాలకు నీళ్లు ఇవ్వడానికి. అయితే పైపు రోడ్డు దాకా వస్తే చాలదు, బిల్డింగుకు కనెక్షన్ ఉండాలి. బ్రోకరును కాదు, వాచ్‌మన్‌ను అడగమనండి: కావేరి నీళ్లా, బోరా, ట్యాంకరా? ట్యాంకరైతే ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లోనే ఉంటుందా, విడిగా పంచుతారా? అసలు మెయింటెనెన్స్ ఆ 32 వేలలో ఉందో లేదో మీరు రాయలేదు. అదీ కనుక్కోండి.

ఇక ఓసీ. కట్టడం ప్లాను ప్రకారం పూర్తయింది, మనుషులు ఉండొచ్చు అని అధికారులు ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అది. ఇలాంటి కాగితం చూశాకే కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో చెప్పింది. అయినా ఓసీ రాకముందే అద్దెకిచ్చేసేవాళ్లు ఉన్నారు. అలాంటిచోట కట్టేటప్పటి తాత్కాలిక కరెంటు మీదే ఇళ్లు నడిపేస్తారు. ఫ్లాటుకు సొంత బెస్కాం (బెంగళూరు కరెంటు సంస్థ) మీటరుందా, ఆర్‌.ఆర్‌. నంబరు, అంటే కరెంటు కనెక్షన్ నంబరు, ఎంత అని అడిగితే సగం బండారం బయటపడుతుంది.

నేను సైటు సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. కొత్త ఇంట్లో ఏది పనిచేస్తుందో, ఏది చేయదో మొదట దిగినవాళ్లకే తెలుస్తుంది. అందుకే బాత్రూము గుమ్మం దగ్గర బకెట్ నీళ్లు ఒకేసారి కుమ్మరించి చూడమనండి. నీళ్లు జాలీవైపు పోవాలి. మూలన నిలిచాయంటే వాటం సరిగ్గా లేదు. పోయినట్టే పోయి గుడగుడమని పైకి తన్నాయంటే, టైల్స్ వేసినవాళ్లు సిమెంటు పాలు, ముక్కలు అందులోకే తోసేశారన్నమాట. మావాళ్ల పాత అలవాటిది, ఎంత తిట్టినా మానరు. రూపాయి బిళ్లతో టైల్స్ మీద కొట్టుకుంటూ వెళ్తే డొల్లగా ఉన్నచోట చప్పుడు మారుతుంది. గోడల మీద వెంట్రుకంత పగుళ్లకు భయపడక్కర్లేదు, కొత్త ప్లాస్టరింగ్ ఆరేటప్పుడు అవి మామూలే. కిటికీ కింద చెమ్మ మాత్రం వదలొద్దు.

వీటన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టింది మీరు రాసిన రాత్రి షిఫ్టు. కొత్త బిల్డింగులో ఒక్కొక్కరూ తాళాలు తీసుకున్నాక వడ్రంగి పని మొదలవుతుంది. పైనా కిందా డ్రిల్లింగు, కటింగు మెషిన్లు నెలల తరబడి మోగుతూనే ఉంటాయి. అమ్మాయి పడుకునే వేళకే ఆ మోతంతా. సెలవు రోజు రాత్రి ఎనిమిదింటికి కింద నిలబడి ఎన్ని ఫ్లాట్లలో లైట్లు వెలుగుతున్నాయో లెక్కపెట్టమనండి. సగం కూడా లేకపోతే నేనైతే ఆ ఇల్లు వద్దంటాను.

అన్నీ బాగున్నాయనుకుందాం. పది నెలల అడ్వాన్స్ బెంగళూరు ఆనవాయితీయే తప్ప చట్టమేమీ కాదు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టమైతే ఇళ్లకు రెండు నెలలు మించొద్దంది. అది నమూనాయే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలు, కాబట్టి దాన్ని చూపించి దబాయించలేం. బేరమాడొచ్చు. ఫ్లాట్లు ఖాళీగా పడి ఉంటే అవసరం వాళ్లదే. ఐదు నెలలకు అడిగితే ఆరుకైనా దిగొస్తారు. ఆ రెండ్రోజుల గడువును అంతగా పట్టించుకోకండి.

పదకొండు నెలల అగ్రిమెంటు రాస్తారు, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి. అందులో ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద నెల అద్దె పట్టుకుంటామనే ముక్క ఉంటుంది, చూసుకోండి. దిగేరోజే ఇల్లంతా వీడియో తీసి ఓనరుకు పంపాలి. తర్వాత లీకేజీలాంటిది బయటపడితే వెంటనే రాసి పంపాలి. స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపాలను బిల్డరే ఉచితంగా బాగుచేయాలని 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం చెబుతోంది. ప్రాజెక్టు రెరా కిందికి వస్తే ఓనరు ఆయన్ను పట్టుకుంటాడు, ఖర్చు మీ అమ్మాయి నెత్తిన పడదు.

డబ్బు అమ్మాయి ఖాతాకే పంపండి, అక్కడినుంచి ఓనరు బ్యాంకు ఖాతాకే వెళ్లాలి. ఓసీ కాపీ వాట్సాప్‌లో వచ్చేదాకా టోకెన్ పేరుతో బ్రోకరు ఫోనుకు ఒక్క రూపాయి కూడా కొట్టొద్దు.