మా బోరు నీళ్లు పాడయ్యాయి, కంపెనీ రిపోర్టులో మాత్రం అంతా బాగానే ఉంది. ఏం చేయాలి?

ప్రశ్న: మా ఊరికి దగ్గర్లో ఫ్యాక్టరీల ప్రమాదకర వ్యర్థాలను తెచ్చి పూడ్చే కేంద్రం ఉంది. రెండేళ్ల కిందట మా పొలం బోరులో నీళ్లు పసుపు రంగుకు తిరిగి, ఘాటు వాసన రావడం మొదలైంది. ఇప్పుడు ఇంటి బోరుదీ అదే పరిస్థితి. కాలుష్య నియంత్రణ మండలికి (బోర్డుకు) ఫిర్యాదు చేస్తే, 'కంపెనీ క్రమం తప్పకుండా భూగర్భ జలాలను పరీక్ష చేయిస్తోంది, అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయి' అని జవాబిచ్చారు. ఆ రిపోర్టులు చూపించమంటే అవి కంపెనీవి, ఇవ్వడం కుదరదన్నారు. వాటిని అడిగే హక్కు మాకు లేదా? మేమే సొంతంగా టెస్ట్ చేయిస్తే కోర్టులో చెల్లుతుందా? నష్టపరిహారం అడగొచ్చా? - ఒక రైతు

జవాబు: కేసు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ నీళ్లు తాగడం, వంటకు వాడటం ఈ రోజే ఆపేయండి. పశువులకూ పెట్టకండి. కాచి తాగితే ఫర్వాలేదని కొందరు అంటారు, నమ్మకండి. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి గానీ సీసం, క్రోమియం లాంటి లోహాలు ఎక్కడికీ పోవు. పైగా నీరు ఆవిరయ్యేకొద్దీ వాటి గాఢత పెరుగుతుంది. వేరే తాగునీటి ఏర్పాటు చేయమని పంచాయతీకి, గ్రామీణ నీటి సరఫరా విభాగానికి అర్జీ రాసివ్వండి. రెండో ప్రతి మీద అందినట్టు సంతకం, తేదీ, ముద్ర వేయించుకోండి. మీరు ఎప్పటి నుంచి మొత్తుకుంటున్నారో రేపు ఆ కాగితమే చెబుతుంది.

రిపోర్టులు ఇవ్వడం కుదరదన్న జవాబు చట్టం ముందు నిలవదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం, ఏదైనా చట్టం కింద ప్రభుత్వ సంస్థ ఒక ప్రైవేటు సంస్థ నుంచి తెప్పించుకోగలిగే సమాచారం కూడా 'సమాచారం' కిందికే వస్తుంది. బోర్డు ఇచ్చిన అనుమతి మీద, బోర్డు పర్యవేక్షణలో నడుస్తున్న కేంద్రం అది. దాని నీటి పరీక్షల ఫలితాలు బోర్డు చేతికి అందనివేమీ కావు. వ్యాపార రహస్యం అని సెక్షన్ 8(1)(డి) చూపించవచ్చు. ప్రజా ప్రయోజనం పెద్దదైతే ఆ సెక్షన్ కిందే సమాచారం ఇవ్వాలి, ఊరి తాగునీటి కంటే పెద్ద ప్రజా ప్రయోజనం ఏముంటుంది? 30 రోజుల్లో జవాబు రాకపోయినా, నిరాకరించినా, ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి.

ఇంకో దారి ఉంది, చాలామందికి తెలియదు. ఇలాంటి కేంద్రాలకు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ కింద ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. అనుమతి షరతులు ఎలా పాటిస్తున్నారో యాజమాన్యం ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికలు పబ్లిక్ డాక్యుమెంట్లని, దరఖాస్తు చేసిన ఎవరికైనా కాపీ ఇవ్వాలని ఆ నోటిఫికేషన్‌లోనే రాసి ఉంది. అనుమతికి ముందు తయారుచేసిన ఈఐఏ నివేదిక కూడా అడగండి. కేంద్రం రాకముందు మీ చుట్టుపక్కల నీళ్లు ఎలా ఉండేవో చూపించే తొలి పరీక్షల లెక్కలు అందులో ఉంటాయి. మీ కేసుకు అంతకు మించిన ఆధారం దొరకడం కష్టం.

ఎందుకంటే 'పరిమితుల్లోనే ఉన్నాయి' అన్న మాటకు దానంతట దానికి పెద్ద అర్థం లేదు. వ్యర్థాల గుంత అడుగున బంకమట్టి, దాని మీద మందపాటి ప్లాస్టిక్ షీట్లు పొరలుగా పరుస్తారు. వ్యర్థాల్లోంచి ఊరే మురుగు రసాన్ని, దాన్నే లీచేట్ అంటారు, గొట్టాలతో పైకి తోడేస్తారు. షీటు చిరిగినా, అతుకు ఊడినా ఆ రసం నేలలోకి దిగుతుంది. దాన్ని పసిగట్టడానికే చుట్టూ పరిశీలన బావులు తవ్వుతారు. భూగర్భ జలం పారే దిశలో కేంద్రానికి ఎగువన కనీసం ఒక బావి, దిగువన మరికొన్ని ఉండాలి. ఎగువ బావికీ దిగువ బావికీ తేడా ఎంత, కేంద్రం పెట్టక ముందుకూ ఇప్పటికీ తేడా ఎంత అన్నదే అసలు ప్రశ్న.

ఒక ఉదాహరణ చెబుతాను. తాగునీటిలో క్లోరైడ్ లీటరుకు 250 మిల్లీగ్రాముల వరకు ఉండొచ్చని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. దిగువ బావిలో తొలి పరీక్షలో 60 ఉండి, ఇప్పుడు 220 వచ్చిందనుకోండి. రిపోర్టులో 'పరిమితి లోపల' అనే రాస్తారు, అది అబద్ధమూ కాదు. కానీ దాదాపు నాలుగు రెట్లు పెరిగింది! క్లోరైడ్ మట్టికి అంటుకోకుండా నీటితో పాటే సాగిపోతుంది, లోహాలు మట్టికి పట్టుకుంటూ నెమ్మదిగా కదులుతాయి. అందుకే లీకేజీ ఉంటే చాలాసార్లు క్లోరైడ్, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) లాంటివి ముందు పెరుగుతాయి, లోహాలు వెనక వస్తాయి. ఎగువ బావిలో 60 దగ్గరే ఉండి దిగువన మాత్రమే పెరిగితే, కారణం చెప్పాల్సింది కంపెనీయే.

కాబట్టి ఆర్టీఐ దరఖాస్తులో 'రిపోర్టులు ఇవ్వండి' అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. పరిశీలన బావులు ఎక్కడున్నాయో చూపే మ్యాపు, ఒక్కో బావి లోతు, నీటి ప్రవాహ దిశను నిర్ధారించిన నివేదిక, మొదటి నుంచీ వచ్చిన ల్యాబ్ షీట్లు, రెండు షీట్ల మధ్య పొరలోకి ఎంత రసం ఊరుతోందో రాసే రిజిస్టరు, బోర్డు అధికారులు స్వయంగా తీసిన శాంపిళ్ల ఫలితాలు, అన్నీ విడివిడిగా అడగండి. ల్యాబ్ షీట్లు చేతికొచ్చాక ముందు ఏమేం పరీక్షించారో చూడండి. పీహెచ్, టీడీఎస్, కాఠిన్యం చూసి సరిపెట్టారా? సీసం, కాడ్మియం, క్రోమియం, ఆర్సెనిక్, పాదరసం, ఫినాల్, సయనైడ్, సాల్వెంట్లు చూశారా? చూడని దాన్ని 'లేదు' అని చెప్పే హక్కు ఎవరికీ లేదు. మరో విషయం, మన దగ్గర చాలాచోట్ల అడుగున గట్టి రాయి. అక్కడ నీరు రాతి పగుళ్ల వెంటే నడుస్తుంది. బావి ఆ పగులుకు పక్కన పడితే, కాలుష్యం దాన్ని తాకకుండానే మీ బోరుకు చేరగలదు. కంపెనీ బావి శుభ్రంగా ఉన్నంత మాత్రాన మీ బోరు బాగున్నట్టు కాదు.

మీ సొంత టెస్టు చెల్లుతుందా అన్నారు. చెల్లుతుంది, కానీ ఎలా తీశారన్న దాన్ని బట్టి దానికి విలువ. ఇంట్లో ఉన్న పాత సీసాలో పట్టుకెళ్లి ఇస్తే, అవతలి లాయరు ఒక్క ప్రశ్నతో కొట్టిపారేస్తారు. ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్ సిబ్బందినే బోరు దగ్గరికి రప్పించండి. పంచాయతీ కార్యదర్శిని, రెవెన్యూ అధికారిని రమ్మని ముందుగా లేఖ రాయండి. వాళ్లు రాకపోయినా లేఖ రాసిన రుజువు ఉంటుంది. మోటారు వేసి గొట్టంలో నిలిచిన నీళ్లు పోయేదాకా వదిలి, ఆ తర్వాతే శాంపిల్ పట్టాలి. లోహాల పరీక్షకు పట్టే సీసాలో నైట్రిక్ యాసిడ్ కలుపుతారు, లేకపోతే లోహం సీసా గోడలకు అంటుకుని ఫలితం తక్కువ చూపిస్తుంది. సీసాల మీద తేదీ, సమయం, బోరు వివరం రాసి, సీలు వేసి, సాక్షుల సంతకాలతో పంచనామా రాయించండి. ఐస్ బాక్సులో పెట్టి ల్యాబుకు చేర్చేదాకా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో కాగితం మీద ఉండాలి. మొత్తం వీడియో తీయండి. అదే రోజు కేంద్రానికి ఎగువన, దూరంగా ఉన్న ఒక బోరు నుంచి కూడా శాంపిల్ తీయించండి. పోల్చడానికి అది లేకపోతే సగం కేసు పోయినట్టే.

బోర్డు కూడా శాంపిల్ తీయాలని అడగండి. 1974 నాటి నీటి చట్టం సెక్షన్ 21 కింద బావుల నుంచి శాంపిల్ తీసే అధికారం వాళ్లకు ఉంది. ఆ చట్టంలో 'ప్రవాహం' అంటే భూగర్భ జలం కూడా. విషపదార్థాలను అందులోకి చేరనివ్వడాన్ని సెక్షన్ 24 నిషేధిస్తుంది.

ఇక నష్టపరిహారం. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల్లో 23వ నియమం ప్రకారం, వ్యర్థాలను సరిగా నిర్వహించకపోవడం వల్ల పర్యావరణానికి గానీ ఇతరులకు గానీ జరిగిన నష్టానికి కేంద్రం నడిపేవారే బాధ్యులు. దీని కోసం మీరు వెళ్లాల్సింది జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు, మన రెండు తెలుగు రాష్ట్రాలకు చెన్నైలోని దక్షిణ బెంచ్‌కు. ఇలాంటి కేసులు సివిల్ కోర్టులు వినకూడదని హరిత ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 29 చెబుతుంది కాబట్టి ఈ పరిహారం కోసం అక్కడికెళ్తే కాలం వృథా.

గడువు దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. అదే చట్టం సెక్షన్ 14 కింద వివాదం తేల్చమని వేసే దరఖాస్తుకు, కారణం మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలలే గడువు. ట్రిబ్యునల్ ఒప్పుకుంటే ఇంకో 60 రోజులు. మీరు రెండేళ్లంటున్నారు కాబట్టి ఆ తలుపు దాదాపు మూసుకుపోయింది. పరిహారం, పాడైన ఆస్తిని, పర్యావరణాన్ని పునరుద్ధరించమని కోరే సెక్షన్ 15కి మాత్రం ఐదేళ్ల గడువు ఉంది. మీ దరఖాస్తు దాని కిందే వేయండి. డబ్బు ఒక్కటే కాకుండా నీటి శుద్ధి, లీకేజీ ఆపడం, స్వతంత్ర పరిశీలన బావులు కూడా కోరండి. పరిహారం అడిగే దరఖాస్తుకు ఫీజు, కోరిన మొత్తంలో 1 శాతం, కనీసం 1,000 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు.

'లీకైందని మీరే నిరూపించండి' అని అవతలివాళ్లు అనడం ఖాయం. మీ దగ్గర ప్రాథమిక ఆధారం ఉంటే చాలు. ఇలాంటి కేసుల్లో ట్రిబ్యునల్ సాధారణంగా నిపుణుల జాయింట్ కమిటీ వేసి స్థలాన్ని పరిశీలింపజేస్తుంది. హైదరాబాద్ జంట జలాశయాల దగ్గర నూనె ఫ్యాక్టరీ వివాదంలో 1999లో సుప్రీంకోర్టు, జస్టిస్ ఎం.జగన్నాథరావు రాసిన తీర్పులో, పర్యావరణానికి హాని లేదని రుజువు చేయాల్సిన భారం ఆ కార్యకలాపం చేసేవారిదేనని చెప్పింది. రాజస్థాన్‌లోని బిచ్రీ గ్రామం కేసులో, హెచ్-యాసిడ్ తయారీ వ్యర్థాలతో బావులు పాడైనప్పుడు, శుద్ధి ఖర్చంతా ఆ పరిశ్రమలే భరించాలని 1996లో తేల్చింది. మీ కేసుకు బిచ్రీ తీర్పు చాలా దగ్గరగా ఉంటుంది, తప్పక జత చేయించండి.

కేసు వేస్తున్నారని తెలియగానే ఊళ్లో ఒక ఆర్వో ప్లాంటు పెట్టిస్తామని, తలా కొంత ఇస్తామని ఎవరైనా రావచ్చు. నీళ్లు ఇస్తే తీసుకోండి, అవి మీ అవసరం. 'ఇక ఎలాంటి క్లెయిమూ లేదు' అన్న కాగితం మీద మాత్రం లాయరుకు చూపించకుండా సంతకం పెట్టకండి. వేలిముద్రలు వేసే పెద్దవాళ్లకు ఈ సంగతి మీరే ఇంటింటికీ వెళ్లి చెప్పాలి.

దీంతోపాటు కలెక్టరుకు కూడా ఒక అర్జీ పెట్టండి. కలుషిత స్థలాల నిర్వహణకు 2025లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నియమాల కింద, అనుమానిత స్థలాలను గుర్తించి రాష్ట్ర బోర్డుకు తెలియజేయాల్సిన బాధ్యత స్థానిక సంస్థలది, జిల్లా యంత్రాంగానిది. మీ ఊరి చుట్టుపక్కల భూమిని ఆ జాబితాలో చేర్చమని కోరండి.

లాయరు ఖర్చు గురించి టెన్షన్ పడకండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. బోరు నీళ్లు పాడైన ఇళ్లలోని మహిళలు ముందు దరఖాస్తు పెట్టి, మిగతావాళ్లు వాళ్లతో కలిసి నడవొచ్చు. వెళ్లేటప్పుడు పాస్ పుస్తకం, బోరు వేయించిన బిల్లు, బోర్డుకు ఇచ్చిన ఫిర్యాదు, వాళ్ల జవాబు, ఆసుపత్రి చీటీలు ఉంటే అవి, అన్నీ తేదీల వారీగా పేర్చి తీసుకెళ్లండి.