కారడం ఆగిన రోజుతో ఆగిపోకు

హనుమకొండ

బిడ్డా,

నీ పరిశోధన ప్రణాళిక రెండుసార్లు చదివాను. వాపు ప్రక్రియలో దెబ్బతిన్న రక్తనాళాల లోపలి పొర ఎలా బాగుపడుతుందన్నది మంచి ప్రశ్న. ఎలుకలకు ఎల్‌పీఎస్ (వాపు పుట్టించే బ్యాక్టీరియా గోడ పదార్థం) ఇచ్చి, ఎవాన్స్ బ్లూ రంగు ఊపిరితిత్తుల్లోకి ఎంత కారిందో కొలుస్తానన్నావు. ఆ రంగు రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది కనుక కారడం ఎంతో తెలుస్తుంది. అయితే ఆ ఒక్క కొలతను చూసి ‘మరమ్మతు’ అని మాత్రం రాయకు.

వానాకాలంలో ఒకసారి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి డెంగీ వార్డుకు వెళ్లి చూడు. జ్వరం తగ్గే వేళకు రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా నాళాల్లోంచి కారడం ముదిరి, సాధారణంగా 24 నుంచి 48 గంటల్లో ఆగిపోతుంది. బయటికి పోయిన ద్రవం తిరిగి రక్తంలో చేరుతుంది. అప్పుడు కూడా సెలైన్ అలాగే ఎక్కిస్తూ ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. డ్యూటీ డాక్టర్ల భయమంతా అదే. ఇంత త్వరగా కోలుకోవడం ఎలా సాధ్యం? అక్కడ ఆ లోపలి పొర కణాలు పెద్దగా చనిపోవు. కణాల పైనుండే గ్లైకోకేలిక్స్ పూత ఊడుతుంది, మధ్యనున్న అతుకులు వదులవుతాయి. కణాలను కలిపి పట్టుకునే వీఈ-క్యాడ్‌హెరిన్ ప్రోటీన్ తిరిగి అతుకుల్లోకి చేరితే సందులు మూసుకుంటాయి. అందుకు కొత్త కణం ఒక్కటి కూడా పుట్టనక్కర్లేదు.

ఇన్ఫెక్షన్‌కు ఒళ్లంతా అదుపు తప్పి స్పందించే సెప్సిస్ తీవ్రమైతే ఆ కణాలే చనిపోతాయి. అప్పుడు పక్కనున్న కణాలు ఖాళీలోకి పాకి, తర్వాత విభజన చెందాలి. మామూలు రోజుల్లో చాలా అరుదుగా విభజన చెందే కణాలవి. 2006లో ఈ పొరలో మాత్రమే కణ విభజనకు తోడ్పడే ఫాక్స్ఎం1 జన్యువును తీసేసిన ఎలుకలకు ఎల్‌పీఎస్ ఇచ్చి చూశారు. వాటిలో కారడం చాలాకాలం ఆగలేదు, మరణాలూ పెరిగాయి. నీ ప్రశ్నకు అసలు ప్రాణం ఇక్కడ ఉంది.

కాబట్టి కారడంతో పాటు ఈడీయూ (విభజన కోసం కొత్త డీఎన్ఏ తయారుచేసే కణాల్లో చేరే గుర్తు పదార్థం) ఇచ్చి విభజనను కూడా లెక్కపెట్టు. మొదటి రోజు గాయమే కనిపిస్తుంది, విభజన తర్వాతి రోజుల్లో వస్తుంది. వారం వరకు చూడు. ఈ పొర కణాలను గుర్తించడానికి వాటిపై ఉండే సీడీ31 ప్రోటీన్ ఒక్కదాన్నే నమ్మకు. అది ప్లేట్‌లెట్లపైనా, కొన్ని తెల్లకణాలపైనా ఉంటుంది. వాపు ఉన్న నాళంలో అవి గోడకు అంటుకునే ఉంటాయి. ఈ పొర కణాల కేంద్రకంలో ఉండే ఈఆర్‌జీ ప్రోటీన్‌కు వేసే రంగును జతచేస్తే ఏ కేంద్రకం ఎవరిదో తేలుతుంది.

1997లో అసహారా అనే శాస్త్రవేత్త బృందం, రక్తంలో తిరిగే మూలకణాలు ఈ పొరగా మారగలవని రాసినప్పుడు మేమంతా ఎంతో ఉత్సాహపడ్డాం. తర్వాత ఏ కణం ఏ కణం నుంచి పుట్టిందో గుర్తుపెట్టి చూపే ఎలుకలతో చూస్తే, ఎక్కువ పని స్థానిక కణాలదేనని తేలుతూ వచ్చింది. అలాంటి ఎలుకలు నీకు దొరికితే, ఆ గుర్తును మొదలుపెట్టే మందు టామోక్సిఫెన్ ఇచ్చాక అది ఒంట్లోంచి పోయేవరకు ఆగి, ఆ తర్వాతే గాయం చెయ్యి. దొరకకపోతే కొత్త కణాలు ఎక్కడినుంచి వచ్చాయో నీ వ్యాసంలో తీర్మానించకు.

ముసలి ఎలుకల గుంపు ఒకటి తప్పకుండా పెట్టుకో. వయసు పెరిగేకొద్దీ ఈ పునరుద్ధరణ మందగిస్తుంది, సెప్సిస్‌తో ఐసీయూకు వచ్చేవాళ్లలో వృద్ధులే ఎక్కువ. ఎలుకలు ముసలివి కావడానికి నెలలు పడుతుంది కనుక ఎథిక్స్ కమిటీ దరఖాస్తులోనే వాటి సంఖ్య రాసెయ్యి. పంపే ముందు నాకొకసారి చూపించు, రోజులవారీ గుంపులు కలిసి లెక్కవేద్దాం.

నీ పెద్దబాపు