పురిటి ఇంట్లో పర్షియన్ పిల్లులు

ప్రశ్న: మాది చెన్నై, పెరంబూరులో రెండు పడకగదుల ఫ్లాటు. తొమ్మిదేళ్ళుగా పర్షియన్ పిల్లులను పెంచి, కూనలు తీయించి, క్యాట్ షోలకు తీసుకువెళుతున్నాను. ఇప్పుడు రాజా అనే మగపిల్లి, మూడు ఆడవి ఉన్నాయి. హైదరాబాదులో ఉన్న మా అమ్మాయికి జనవరి మధ్యలో కాన్పు. సీమంతం కాగానే నవంబరులో పురిటికి తెచ్చుకుందామంటే, పిల్లులున్న ఇంటికి కోడలిని పంపేది లేదని వియ్యపురాలు తేల్చి చెప్పారు. మా అమ్మాయి ఆవిడకు నచ్చజెప్పకపోగా, "అమ్మకు నాకన్నా పిల్లులే ఎక్కువ" అంది. అన్నిటినీ ఎవరికైనా ఇచ్చేయమని మా వారు అంటున్నారు. ఈ నెలాఖరున ముత్యం అనే తెల్లపిల్లిని జత కట్టించాలని అన్నీ సిద్ధం చేసుకున్నాను. ఏం చేయాలో తోచడం లేదు. – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు. ముత్యం కళ్ళ కింద కారే నీటి చారలను పొద్దున్నే, కాఫీ కూడా తాగకముందే, తడి దూదితో ఎలా తుడుస్తారో, షోకు ముందు స్నానం చేయించి ఆరబెట్టి స్టీలు దువ్వెనతో బొచ్చును పాయలు పాయలుగా ఎలా విడదీస్తారో అందులో ఒక పేజీ నిండా రాశారు. మీ అమ్మాయి కాన్పు తేదీ ఒక్క వాక్యంలో వచ్చింది. మిమ్మల్ని తప్పు పట్టాలని ఈ మాట అనడం లేదు. అంత ఓపిక గల చేతులు ఇన్నేళ్ళుగా ఎటు తిరిగి ఉన్నాయో మీ అమ్మాయి చూస్తూనే ఉందని మాత్రం నాకు అనిపించింది.

ముందు వియ్యపురాలి భయం సంగతి చూద్దాం. దాన్ని చాదస్తమని తోసిపుచ్చకండి. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలం ద్వారా గర్భిణికి సోకితే కడుపులో బిడ్డకు కీడు జరగవచ్చన్నది వైద్యులు చెప్పే మాటే. అయితే అది వ్యాపించే తీరు తెలిస్తే ఆ భయం ఎంతవరకు పెట్టుకోవాలో తెలుస్తుంది. ఎలుకలనో పిట్టలనో వేటాడిన పిల్లికి, పచ్చి మాంసం తిన్న పిల్లికి అది సోకుతుంది. సాధారణంగా మొదటిసారి సోకినప్పుడు, ఒకటి నుంచి మూడు వారాల పాటు మాత్రమే, మలంలో బయటపడుతుంది. అలా బయటపడినది మనుషులకు అంటే స్థితికి రావడానికి మళ్ళీ ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. కాబట్టి బయట వేటకు తిరగని మీ పిల్లుల లిట్టరును, అంటే అవి మలమూత్రాలు విడిచే తొట్టెలోని ఇసుకను, మీరో మీ వారో ఏ రోజుకారోజు ఎత్తి పారేస్తూ, మీ అమ్మాయిని దాని దరిదాపులకు రానివ్వకుండా ఉంటే ఆ దారిన ముప్పు చాలా తక్కువ. సరిగా ఉడకని మాంసం నుంచీ, మట్టి పోయేలా కడగని ఆకుకూరల నుంచీ కూడా అదే పరాన్నజీవి సోకుతుందని ఇళ్ళలో ఎవరికీ గుర్తుండదు. బొచ్చు నిగనిగలాడుతుందని ముత్యానికి పచ్చి కోడిమాంసం పెడుతున్నానన్నారు. ఈ పూట నుంచే అది మానేసి ఉడికించి పెట్టండి. ఈ సంగతులన్నీ మీ నోట వింటే వియ్యపురాలికి అవి మీ పిల్లుల తరఫు వకాల్తాలా ఉంటాయి. మీ అమ్మాయిని చూస్తున్న డాక్టరమ్మను ఈసారి చెకప్‌లో అడిగి, రక్తపరీక్ష అవసరమేమో కనుక్కొమ్మని అల్లుడుగారికి చెప్పండి. ఆవిడ చెబితే ఇరువైపుల వారూ వింటారు.

నా మటుకు నాకు, వియ్యపురాలు అడగని విషయమే ఎక్కువ ఆలోచించదగ్గదిగా కనిపిస్తోంది. అది తామర, బూజు వల్ల చర్మానికి పట్టే అంటుజబ్బు. పొడుగు బొచ్చు పర్షియన్లకు అది తరచుగా వస్తుంది. పైకి ఒక్క మచ్చా లేకుండానే బొచ్చులో దాన్ని మోసే పిల్లులు ఉంటాయి. ఎన్నో పిల్లులు ఒకచోట చేరే షోల నుంచి ఇంటికి రావడం మీకు తెలియనిది కాదు. అది మనుషులకూ అంటుతుంది, పసిగుడ్డు చర్మం అసలే లేత. నాలుగింటికీ బొచ్చు నమూనా తీయించి కల్చర్ పరీక్ష చేయించండి. ఫలితానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు కనుక ఈ వారమే వెళ్ళండి, ఆ తరువాత ఈ చలికాలం షోలు మానుకోండి. ఇక రాజా గోడల మీద చిమ్మే మూత్రపు వాసన. పోయినసారి వియ్యపురాలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారని నొచ్చుకుంటూ రాశారు. ఇంట్లోవాళ్ళకు అలవాటైపోయిన ఆ వాసన బయటివాళ్ళకు గుమ్మంలోనే తగులుతుంది. అంబత్తూరులో ఉన్న మీ షో స్నేహితురాలు రాజాను కొన్నాళ్ళు ఉంచుకుంటానన్నారు కదా, ఏప్రిల్ దాకా అక్కడే ఉండనివ్వండి. బాలింత గది తలుపు ఎప్పుడూ మూసే ఉంచండి. వెచ్చదనం దొరికితే పిల్లి ఉయ్యాలలోకి కూడా ఎక్కి పడుకుంటుంది, దోమతెర దానికి అడ్డం కాదు.

ముత్యాన్ని జత కట్టించే విషయంలో నా సలహా ఒకటే, ఇప్పుడు వద్దు. లెక్క మీరే వేసి చూడండి. అక్టోబరు నెలాఖరున జత కట్టిస్తే, పిల్లి చూలు తొమ్మిది వారాలకు పైచిలుకు గనుక, జనవరి మొదటి వారంలో ఈనుతుంది. కూనలను పన్నెండు వారాలైనా తల్లి దగ్గర ఉంచనిదే ఎవరికీ ఇవ్వరాదు. అంటే మీ మనవడో మనవరాలో పుట్టి, బారసాల జరిగి, మూడో నెల వచ్చేదాకా ఆ రెండు గదుల ఇంట్లో కూనలు ఉంటాయి. పర్షియన్లకు తల పెద్దది కావడంతో కాన్పు అడ్డం తిరగడం ఎక్కువని మీకు అనుభవమే. ముత్యానికి అర్ధరాత్రి ఆపరేషన్ కావలసి వచ్చిన రాత్రే మీ అమ్మాయికి నొప్పులు మొదలైతే మీరు ఏ ఆస్పత్రికి వెళతారు? ఆ ప్రశ్నను మీ అమ్మాయి మనసులో ఇప్పటికే వేసుకుని ఉంటుంది. ఈ ఎద తప్పితే మంచి అదను పోతుందన్న మీ బెంగకు ఆధారం లేదు. పిల్లులు ఎదకు రావడం పగటి నిడివిని బట్టి ఉంటుంది. చలిదేశాలలో పగలు కుంచించుకుపోయే శీతాకాలంలో ఎద ఆగుతుంది గాని, పగటి నిడివి పెద్దగా మారని చెన్నైలో ఏడాది పొడుగునా వస్తూనే ఉంటుంది. మూడేళ్ళ ముత్యానికి వేసవి తరువాత జత కట్టించినా మించిపోయేదేమీ లేదు. ఈలోగా ముత్యానికీ రాజాకూ మూత్రపిండాలలో నీటితిత్తులు పెరిగే జబ్బుకు జన్యుపరీక్ష చేయించండి. పర్షియన్లలో వంశపారంపర్యంగా వచ్చే ఈ జబ్బు తల్లిదండ్రులలో ఒక్కరికి ఉన్నా దాదాపు సగం కూనలకు సంక్రమిస్తుంది. ఇంత వివరంగా రాసిన మీ ఉత్తరంలో ఆ పరీక్ష ప్రస్తావన లేకపోవడం నాకు కలవరం కలిగించింది.

అన్నిటినీ ఇచ్చేయమన్న మీ వారి మాటను మాత్రం నేను సమర్థించను. చోటు మారిన పిల్లి బెంగతో మేత ముట్టకపోవచ్చు, కొద్ది రోజులు తిండి లేకపోతే దాని కాలేయమే దెబ్బతింటుంది. అందుకే రాజాను పంపేటప్పుడు కూడా రోజూ తినే మేతను, పడుకునే దుప్పటిని వెంట పంపి, నాలుగు రోజులు ఫోను చేసి కనుక్కుంటూ ఉండండి. పైగా కోపంలో పిల్లులన్నిటినీ పంపేస్తే, ఆ లోటును మీరు బాలింత మీద చూపించే ప్రమాదం ఉంది.

చివరి పేజీలో, మీ అమ్మాయి గురించి కొట్టివేసి మళ్ళీ రాసిన ఒక వాక్యం ఉంది: "దాని పట్టా ప్రదానోత్సవం రోజునే ముత్యం తల్లికి నొప్పులొచ్చాయి, నేను వెళ్ళలేకపోయాను." ఆ రోజు మీరు ఆ మూగజీవిని వదిలి వెళ్ళలేకపోవడం నాకు అర్థమవుతోంది. అయిదేళ్ళయినా ఆ సంగతి మీరిద్దరూ ఎత్తలేదంటే, "పిల్లులే ఎక్కువ" అన్న మాట అక్కడి నుంచే వచ్చిందనుకుంటున్నాను. అమ్మాయిని పురిటికి రమ్మని పిలిచే ముందు ఆ రోజు గురించి మాట్లాడండి. పిల్లి పరిస్థితి ఎలా ఉందో వివరించబోకండి, అది ఆమెకు తెలుసు. తను వేదిక ఎక్కినప్పుడు కింద ఎవరిని వెతుక్కుందో అడగండి, చెప్పినంతసేపూ అడ్డు రాకుండా వినండి. ముత్యాన్ని ఈసారి జత కట్టించడం లేదన్న సంగతి ఆ తరువాత చెప్పండి. రేపు ఆదివారం, అల్లుడుగారు కూడా ఇంట్లోనే ఉంటారు. పొద్దున్నే దూది అందుకునే ముందు ఆ ఫోను చేయండి.